పది తోకల పూచీ

మా ఊరి తెలివంతా దాలయ్య ఇంట్లోనే ఉందని ఆ ఇంటివాళ్ళు చెప్పుకునేవారు. కాదనేంత తెలివి మాకూ లేదు.

దాలయ్య బడిలో కొత్త బంట్రోతు. ఇన్‌స్పెక్టరు వచ్చి సంతకం పెడితేనే ఉద్యోగం ఖాయం. ఆయనకి చూపించడానికని మేష్టారు పది తోకకప్పల్ని గాజు తొట్టిలో వేయించి, "ఒరే, వీటిలో ఏదీ పోకూడదు. పోయిందో, నీ ఉద్యోగం పోయినట్టే," అన్నారు.

అంతే. భార్య గవరమ్మనీ తల్లి పైడమ్మనీ వెంటబెట్టుకొచ్చి, దాలయ్య తొట్టి చుట్టూ కాపలా కూర్చున్నాడు.

కొన్నాళ్ళకి వాటికి కాళ్ళు మొలిచాయి. దాలయ్య గుండెలో రాయి పడింది.

"అయ్యో, చెప్పనివి వచ్చాయే."

"పోకూడదన్నారు గానీ రాకూడదన్లేదు కదయ్యా," అంది గవరమ్మ. ఆ తెలివికి ముగ్గురూ మురిసిపోయారు.

తరవాత తోకలు కురచబడ్డం మొదలైంది. ఇంకేముంది, పైడమ్మ ఆముదం సీసా తెచ్చింది.

"నీ జుట్టు ఇలాగే పెంచాన్రా నాయినా."

దాలయ్యది బట్టతల. అయినా తల్లి మాట కాదనలేక గిద్దెడు పోశాడు. కప్పలు నూనెకి తాళలేక తొట్టిలోని రాయెక్కి కూర్చున్నాయి. తోకలు మాత్రం పెరగలేదు సరికదా, ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకి ఒక్కటీ మిగల్లేదు.

దాలయ్య కూలబడ్డాడు. "పదీ పోయాయే. ఉద్యోగం కూడా వాటి వెనకే."

గవరమ్మ పైకి చూసింది. "గోడ మీద బోలెడు తోకలున్నాయి కదయ్యా."

అంతే. ముగ్గురూ చీపుళ్ళు పుచ్చుకుని బల్లుల వెంటపడ్డారు. బల్లులు తోకలు వదిలేసి, ప్రాణాలు పట్టుకుపోయాయి.

ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తే తొట్టిలో పది కప్పలు, పక్కన పళ్ళెంలో పది తోకలు. ఒకటి రెండు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"ఇదేమిటయ్యా?"

"కప్పలు వేరు, తోకలు వేరు పెట్టానండి. కలుపుకుంటే తోకకప్పలే. ఏదీ పోలేదు, తమరే చూసుకోండి."

ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి సంతకం పెట్టారు. మేష్టారు నవ్వలేదు. "అవి పెద్దవయ్యాయి, ఇక ఇంటికి పంపెయ్," అన్నారు.

ఆ బడిలో పిల్లల్ని చదువు మధ్యలో ఇంటికి పంపితే తల్లి వచ్చి రిజిస్టరులో వేలిముద్ర వెయ్యాలి. మర్నాడు మేష్టారు రిజిస్టరు తెరిస్తే పేజీ నిండా సిరా చుక్కలు.

"పొలం గట్టున కప్పల్లో ఎవరి తల్లి ఎవరో పోల్చుకునేసరికి పొద్దువాలిందండి," అన్నాడు దాలయ్య. "ఏ వేలు వెయ్యాలో పాపం వాటికీ తెలీదు. నాలుగూ వేయించాను."