మోకు రెండో కొస

ఒక రేవులో తాళ్ల పాక ఉండేది. అందులో ఒకడు తాళ్లు పేనేవాడు, ఇంకొకడు వాటిని లాగి చూసేవాడు. ఇద్దరికీ పేర్లు ఉండే ఉంటాయి గానీ, రేవులో అందరూ వాళ్లని పేనేవాడు, లాగేవాడు అనే పిలిచేవారు.

పేనేవాడు కొబ్బరి పీచుని పేటలుగా తీసి, మూడు పేటల్నీ కలిపి పురి పెట్టి మోకు చేసేవాడు. లాగేవాడు ఆ మోకుని ఒక పక్క గుంజకి కట్టి, ఇంకో పక్క ఎద్దుల జతని పూన్చి అదిలించేవాడు. తెగకుండా నిలిచిన మోకు బల్లకట్టుకి వెళ్లేది. ఆ మోకు ఆసరాతోనే బల్లకట్టు ఏటి నడుమ ఉన్న లంకకి పోయి వచ్చేది. లాగేవాడి ఇల్లు లంకలోనే ఉంది. పెళ్లాం బిడ్డలు ఎక్కి దిగేది ఆ బల్లకట్టే కాబట్టి, మోకుల విషయంలో అతనికి జాలీ దయా ఉండేవి కావు.

మోకు తెగిన రోజున లాగేవాడు పండగ చేసుకున్నంత పని చేసేవాడు. తెగిన ముక్కని పాక గుమ్మానికి వేలాడదీసి, దారిన పోయేవాళ్లని పిలిచి మరీ చూపించేవాడు. పేనేవాడికి ఒళ్లు మండిపోయేది.

"చేసేవాడి నడుం నొప్పి చెడగొట్టేవాడికేం తెలుస్తుంది?" అనేవాడు.

"ఏటి మధ్యలో తెగితే నీ నడుం పట్టుకుని ఈదమంటావా?" అనేవాడు లాగేవాడు.

పంతం కొద్దీ పేనేవాడు ఒకసారి తొడ లావున మోకు పేనాడు. లాగేవాడు రెండో ఎద్దుల జతని తోలుకొచ్చాడు. పాపం, నాలుగు ఎద్దులూ నురగలు కక్కాయి గానీ మోకు చెక్కు చెదరలేదు. పేనేవాడు మీసం దువ్వుకుంటూ దాన్ని రేవుకి మోయించాడు. తీరా చూస్తే అది బల్లకట్టు గిలకలో పట్టలేదు. రేవు పెద్ద నెత్తిన చెయ్యి పెట్టుకుని ఇసుకలో చతికిలబడ్డాడు.

బల్లకట్టుకున్న పాత మోకు అప్పటికే పీచులు లేచిపోయింది. రేవు పెద్ద ఇద్దరినీ పిలిచి ఒకటే మాట చెప్పాడు.

"వరదకి ఎర్రనీరు వచ్చేలోగా కొత్త మోకు పడాలి. లేదంటే బల్లకట్టు ఒడ్డుకి ఎక్కించేస్తాను. మళ్లీ వానలు వెళ్లాకే."

లాగేవాడి పనంతా ఈ ఒడ్డునే. వానాకాలమంతా ఇంటి మొహం చూడటానికి ఉండదు. పైగా ఈ ఒడ్డున తలదాచుకోవాలంటే ఉన్నది తాళ్ల పాక ఒక్కటే. పేనేవాడి గురక వింటూ అన్ని రాత్రులు! దానికంటే ఏట్లో దూకడమే నయమనిపించింది.

మర్నాడే పై నుంచి నీళ్లు రంగు మారి వస్తున్నాయని కబురొచ్చింది. గాలికి పడవలు కొట్టుకుపోకుండా కట్టడానికి రేవు పెద్ద పంపిన మనుషులొచ్చి తాళ్ల పాకలోని బండని పట్టుకుపోయారు. పేటలు పురి ఎక్కేకొద్దీ పొట్టివవుతాయి కదా, అప్పుడు వాటి రెండో కొసని బిగువుగా పట్టి ఉంచడానికి పేనేవాడు కట్టుకునే బండ అది. అది లేకపోతే చెయ్యి ఆడదు. పేనేవాడు బరువైనదేమైనా ఉందా అని పాకంతా వెతికాడు. అంత బరువున్నది ఒక్కటే కనిపించింది. అది గుమ్మంలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది.

"లేచి రా. బండ చోట్లో నిలబడు," అన్నాడు పేనేవాడు.

లాగేవాడు చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఇల్లు గుర్తొచ్చి లేచాడు. కొస నడుముకి చుట్టుకుని, అలవాటు కొద్దీ వెనక్కి ఒక్క గుంజు గుంజాడు. ఒక పేట పుటుక్కుమంది.

"బండ ఇలా లాగదయ్యా. పురి ఎక్కుతుంటే దాంతోపాటు ముందుకొస్తుంది," అని విసుక్కున్నాడు పేనేవాడు. తెగిన పేటని అతుకుతుంటే లాగేవాడికి మొట్టమొదటిసారి సిగ్గేసింది.

రెండోసారి అతను మెల్లగా, మోకు రమ్మన్నంత మేరకే ముందుకొచ్చాడు. కొంత దూరం సాగాక అరచేతిలో ఏదో తేడాగా అనిపించింది.

"ఆగు. నడుమ ఎక్కడో జారుతోంది."

"ఇంకా మోకే కాలేదు, అప్పుడే వంకలా? బండ ఏనాడూ ఇలా సతాయించలేదు."

"బండకి నోరేదీ?"

పేనేవాడు గొణుక్కుంటూ వెళ్లి పురి విప్పి చూశాడు. పొట్టి పీచు ఒక గుప్పెడు లోపల చుట్టుకుని ఉంది. దాన్ని తీసి పారేసి మళ్లీ పురి పెట్టాడు. మోకంతా అయ్యాక ఎద్దులు చెప్పాల్సిన సంగతి చుట్ట కాల్చినంత సేపట్లో తేలిపోయింది. పేనేవాడు ఆ మాట పైకి అనలేదు గానీ, తర్వాత నుంచి ప్రతి బారకీ "ఎలా ఉంది?" అని తనే అరిచి అడిగాడు. "వదులు" అని ఒకడూ, "నువ్వే వదిలావు" అని ఇంకొకడూ పాక ఎగిరిపోయేలా అరుచుకున్నారు.

ఆ కేకలు రేవు దాకా వినిపించాయి. ఒక పక్క నీళ్లొస్తుంటే వీళ్లు కొట్టుకు చస్తున్నారనుకుని రేవు పెద్ద పరుగెత్తుకొచ్చాడు. చూస్తే ఒకడు ఆ కొసనా ఒకడు ఈ కొసనా ఎదురుబొదురుగా కాళ్లు తన్ని లాగుతున్నారు.

"చాలు, ఆపండి. ఇద్దరూ ఒక్క పక్కకి రండి," అన్నాడు.

రేవు పెద్ద మాట కదా అని ఇద్దరూ వచ్చి అతని పక్కన నిలబడ్డారు. నడుమనున్న మోకు బిగువు చచ్చి, మెలికలు పడి దుమ్ములో కూలబడింది. రేవు పెద్ద దాన్ని చూశాడు. వాళ్లిద్దరినీ చూశాడు. ఆ తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని, "ఎవరి కొసకి వాళ్లు పొండి," అన్నాడు. గుమ్మం దాటబోతూ, "కాస్త గట్టిగానే అరుచుకోండి," అన్నాడు.

ఎర్రనీరు రేవు మెట్లు తాకే వేళకి కొత్త మోకు గిలకలో పడింది. ఎద్దులకి ఆ రోజు పని లేకపోయింది. లాగేవాడు అందరికంటే ముందు తనే బల్లకట్టు ఎక్కి లంకకి చేరాడు.

ఒడ్డున పెళ్లాం ఎదురొచ్చింది. "ఆ పేనేవాడితో గొడవ తీరిందా?" అని అడిగింది.

లాగేవాడు వెనక్కి తిరిగి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి బిగిసి ఉన్న మోకుని చూసి నవ్వాడు.

"లేదే. తీరుంటే ఇవాళ ఇంటికొచ్చేవాణ్ణి కాదు."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, అన్నం చల్లారిపోతోంది, కాళ్లు కడుక్కోమంది.