ఉప్పుమడిలో బూరయ్య స్నానం

సముద్రం పక్కన ఉప్పు మళ్లు. వాటి అవతల ఒక మంచినీళ్ల గుంట. ఆ గుంటలో బూరయ్య అనే కప్ప ఉండేవాడు. బాగా బలిశాడు, ఆ ఒళ్లు చూసుకుని మురిసిపోయేవాడు. గట్టు మీద ఒక నక్క రోజూ అతన్ని చూసి లొట్టలు వేసేది. లోతు నీళ్లంటే మాత్రం దానికి భయం.

ఒకరోజు నక్క తీయగా పలకరించింది. “అల్లుడూ, నీలాంటివాడు ఈ నాచులో మునగడమేంటయ్యా? ఆ మడి చూడు, అద్దంలా ఉంది. దొరలు స్నానం చేయాల్సిన నీళ్లు.”

“లోతెంత మావా?”

“నీ బొజ్జదాకా.”

బూరయ్య గెంతుకుంటూ పోయి మడిలో చతికిలబడ్డాడు. కాసేపటికే ఒళ్లు మండింది. చర్మం ముడతలు పడింది. ఎగరబోతే కాళ్లు లేవలేదు.

పక్కనున్న సముద్రపు కాలువలోంచి గోరమ్మ అనే పీత తొంగి చూసింది. “ఎవరండీ, పెద్దాయనా?”

“నేనే పిన్నీ, బూరయ్యని. నీళ్లలో కూర్చునే ఎండిపోతున్నాను.”

“ఎండవా మరి? ఒంట్లో కంటికి కనపడని కణాలుంటాయి, చిన్నచిన్న నీటి తిత్తుల్లాగా. ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్లు అటు పోతాయి. ఈ మడి నీలో నీళ్లు లాగేస్తోంది. మీ గుంటలో ఉప్పు లేదు గనక అక్కడ నీళ్లే నీలోకొస్తాయి.”

“మరి నీకేం కాదా?”

“మా కాలువలో ఉప్పెంతో నా ఒంట్లోనూ అంతే. వచ్చేదీ పోయేదీ సరికి సరి.”

అంతలో నక్క వచ్చి బూరయ్యను పంజాతో గట్టు మీదికి లాగింది. చూసి మొహం మాడ్చుకుంది. “ఇదేంటి, తొక్కే మిగిలింది?”

బూరయ్య నెమ్మదిగా అన్నాడు. “నాకూ సిగ్గుగానే ఉంది మావా. గుంట అంచున కాసేపు నానబెట్టు, మళ్లీ బలుస్తాను.”

“నిజమేనా?” అని నక్క పీతనడిగింది.

“ఉబ్బుతాడు. అందులో అబద్ధం లేదు” అంది గోరమ్మ.

నక్క అతన్ని పన్ను తగలకుండా మోసుకెళ్లి, గుంట అంచున నీళ్లలో పెట్టి, కాలు మీద పంజా వేసి కూర్చుంది. బూరయ్య ముడతలు విడిపోయాయి. బొజ్జ తేలింది. నక్కకి నోరూరింది.

“పంజా తీస్తే ఆ కాలు కూడా నానుతుంది మావా” అన్నాడు బూరయ్య.

నక్క పంజా తీసింది. బూరయ్య బుడుంగున మునిగి, గుంట నడిమధ్యన తేలాడు.

“అల్లుడూ, నానడం అయిందా?”

“ఇంకా కాలేదు మావా, కూర్చో.”

పొద్దు గూకేదాకా నక్క కూర్చునే ఉంది.

అత్యాశపడ్డవాడు చేతికి చిక్కినదాన్ని తానే మోసుకెళ్లి వదిలేస్తాడు.