పలక మీద ఒక పరుగు

మాబెల్ ఆట మధ్యలో బంతి కింద పడేసి వచ్చేసింది.

1909లో, అమెరికాలోని కాన్సాస్‌లో, ఊరూరా తిరుగుతూ మగవాళ్ళ జట్లతో బేస్‌బాల్ ఆడే ఆడవాళ్ళ జట్టు అది. ఆట మీదే వాళ్ళ బతుకు. బంతి విసిరేది మాబెల్. ఆ రోజు ఎనిమిది విడతలు ముగిసేసరికి ఊరి జట్టుకి ఇరవై మూడు పరుగులు, వీళ్ళకి ఒకటి. ఇంకొక్క విడతే ఉంది. ముందు ఊరివాళ్ళ బ్యాటింగ్, తర్వాత వీళ్ళది.

"ఏమ్మా, ఇంటికెళ్ళి రొట్టెలు కాల్చుకో!" అని బెంచీల మీంచి ఎవరో అరిచారు. జనమంతా నవ్వారు.

ఆమె నేరుగా గ్రోగన్ దగ్గరికి వచ్చింది. ఆయన ఒకప్పుడు పేరున్న క్యాచర్. ఏళ్ళ తరబడి ఒట్టి చేతులతో బంతులు పట్టి వేళ్ళన్నీ వంకర్లు తిరిగాయి. వీళ్ళందరికీ ఆట నేర్పింది ఆయనే. స్కోరు పలక రాసేదీ ఆయనే.

"ఇక విసరను, మాస్టారూ."

"చెయ్యి నొప్పా?"

"చెయ్యి బానే ఉంది. వెళ్ళిపోదాం. ఆట వదిలేసిన జట్టు తొమ్మిది–సున్నాతో ఓడినట్టు రాయాలని నియమం ఉందిగా. రేపు పేపర్లో ఇరవై మూడు కన్నా తొమ్మిది నయం కాదూ?"

అంపైర్ జేబులోంచి గడియారం తీశాడు. "ఐదు నిమిషాలు చూస్తాను. ఆపైన మీరు వదిలేసినట్టే."

గ్రోగన్ వాదించలేదు. తడిగుడ్డ తీసుకుని పలక దగ్గరికి వెళ్ళాడు. 23 తుడిచి 9 రాశాడు. మాబెల్‌కి ప్రాణం తెరిపినపడింది. తర్వాత ఆయన తమ జట్టు పేరు ఎదురుగా ఉన్న 1 మీద గుడ్డ ఆనించాడు.

"మాస్టారూ, అది తుడవకండి!"

అరిచింది ఓటిలీ. జట్టులో అందరికన్నా పొట్టిది. మైదానం నాలుగు మూలలూ చుట్టి వస్తేనే ఒక పరుగు. మూడేళ్ళుగా ఆడుతున్నా ఆమె ఎన్నడూ మూడో మూల దాటలేదు. ఇవాళ దాటింది. చివర్లో పొట్ట మీద జారుతూ చేరింది. చొక్కాకి అంటిన ఆ మట్టి ఇంకా దులుపుకోలేదు.

"వదిలేసిన ఆటలో ఎవరు తీసిన పరుగూ లెక్కలోకి రాదు" అన్నాడు గ్రోగన్, ఎవరి వైపూ చూడకుండా. గుడ్డ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఓటిలీ మాబెల్ వైపు చూసింది.

"ఇంకా ఎంత టైముంది?" అంది మాబెల్.

"రెండు నిమిషాలు" అన్నాడు అంపైర్.

ఆమె వెనక్కి వెళ్ళి బంతి తీసుకుంది. మొదట్నుంచీ అదే బంతి. దెబ్బలు తిని నల్లబడింది, మెత్తబడింది.

"రొట్టెలు మాడిపోయాయా?" మళ్ళీ అదే గొంతు.

"ఇప్పుడే దించుతున్నా. పళ్ళెం పట్టుకో!" అంది మాబెల్.

మొదటివాడు మూడుసార్లు ఊపినా బంతిని తాకలేక అవుటయ్యాడు. రెండోవాడు గాల్లోకి లేపితే ఓటిలీ పరిగెత్తి పట్టేసింది. మూడోవాడు ఆ ఊరి కమ్మరి. అప్పటికే మూడుసార్లు బంతిని కంచె దాటించాడు. ఇప్పుడు మూడుసార్లూ గాలినే కొట్టాడు. ఆఖరి ఊపుకి తనే గిర్రున తిరిగి కూలబడ్డాడు. ముగ్గురూ అవుటవడంతో ఊరివాళ్ళ వంతు ముగిసింది.

నవ్విన జనమే లేచి నిలబడి టోపీలు ఎగరేశారు.

తమ వంతులో వీళ్ళకి ఇంకో పరుగు రాలేదు. గ్రోగన్ 9 తుడిచి మళ్ళీ 23 రాశాడు. కింద ఉన్న 1 జోలికి పోలేదు.

ఓటిలీని భుజాల మీదికెత్తుకుని, పాటలు పాడుతూ స్టేషన్‌కి వెళ్ళారు. టికెట్లిచ్చే మనిషి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎంతతో గెలిచారమ్మా?"

"ఇరవై మూడు–ఒకటి" అంది మాబెల్.

"శభాష్!" అన్నాడతను. ఆమె సరిదిద్దలేదు.

ఆ తర్వాత మాబెల్ ఇంకో పదకొండేళ్ళు ఆడింది. ఆఖరి మనిషి అవుటయ్యేదాకా మైదానం విడిచి రాకూడదని ఆ రోజు రైల్లో అనుకుంది. మళ్ళీ ఎన్నడూ అలా మధ్యలో వచ్చేయలేదు.