చిట్టబ్బులు చెప్పిన ఏడో ఆటగాడు

గోదావరి రెండు పాయల మధ్య ఒక లంక ఉంది. ఏటా వరద వచ్చి దాన్ని ముంచేస్తుంది. పోతూ పోతూ జానెడు ఒండ్రు పరిచి పోతుంది. ఆ ఒండ్రులో మొలిచే గడ్డి ఎంత మెత్తనిదంటే, పళ్లు లేని పశువు కూడా హాయిగా మింగొచ్చు. ఆ గడ్డి కోసం తూర్పు గట్టు పశువులకీ పడమటి గట్టు పశువులకీ పూర్వం కొమ్ములు విరిగేంత గొడవలు జరిగేవి. చివరికి రెండు వైపుల పెద్దలూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. వరద తీశాక ఇసుకలో చెడుగుడు ఆడాలి. గెలిచిన గట్టువాళ్లు ఆ ఏడాదంతా లంకలో మేయాలి. ఓడినవాళ్లు ఇంటికెళ్లి నోరు మూసుకుని ఎండుగడ్డి తినాలి.

జట్టుకి ఏడుగురు. ఆటకి మూడు రోజుల ముందు రెండు జట్లూ రేవులో దిగి అందరి ఎదటా నీళ్లు తాగాలి. రేవులో మూతి పెట్టినవాళ్లే ఆడాలి, ఆ తర్వాత మార్చడానికి లేదు. కిందటేడు గెలిచినవాళ్లు ముందు దిగాలి. ఓడినవాళ్లు వాళ్లని చూసుకుని, ఎవరికి ఎవరు సరిపోతారో లెక్క వేసుకుని తర్వాత దిగొచ్చు. ఓడినవాళ్లకి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలని పెద్దలు పెట్టిన పద్ధతి ఇది.

తూర్పు గట్టువాళ్లు రెండేళ్లుగా ఆ వెసులుబాటు వాడుకుంటూనే ఉన్నారు, ఓడిపోతూనే ఉన్నారు.

ఆ గట్టు మీద చిట్టబ్బులు అనే గాడిద ఉండేవాడు. జన్మలో ఒక్కసారి కూడా చెడుగుడు ఆడలేదు. వాడు నోరు తెరిస్తే సొంత జట్టే చెవులు మూసుకుని పారిపోతుందని ఎవరూ పిలవలేదు. అయితేనేం, ఆట గురించి మాట్లాడ్డంలో వాడికి సాటి లేదు. పొద్దున్నే చాకిరేవులో బట్టల మూటలు దించేసి, నేరుగా జట్టు సాధన చేసే చోటికి వచ్చి నిలబడేవాడు. ఆ ఏడాది ఎవరెవరు ఆడాలో ఏడు పేర్లు చెప్పేవాడు. సోమవారం చెప్పిన ఏడుగురిలో నలుగురు మంగళవారానికి దేనికీ పనికిరానివాళ్లయిపోయేవారు. బుధవారం వాళ్లే మళ్లీ మహా ఆటగాళ్లయి తిరిగొచ్చేవారు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

జట్టుకి పెద్ద గేదె సూరమ్మ. ఆమె నెమరు వేసుకుంటూ, "అలాగేలే చిట్టబ్బులూ, చూద్దాం," అనేది. అంతటితో సరి.

ఆ ఏడు ఆరుగురి విషయంలో పేచీ లేదు. గొడవంతా ఏడోవాడి దగ్గరే వచ్చింది. ముసలి ఎద్దు బోడన్నని ఉంచాలా, చిచ్చుబుడ్డి అని ముద్దుగా పిలుచుకునే కుర్ర పొట్టేలుని దింపాలా?

"అక్కా, ఒక్క మాట అడుగుతాను చెప్పు. కిందటేడు బోడన్న బాబాయి ఎన్నిసార్లు కూతకి వెళ్లాడు?" అన్నాడు చిట్టబ్బులు.

"తొమ్మిది."

"ఎంతమందిని ముట్టుకున్నాడు?"

"ఒక్కర్నీ లేదు."

"మరి?"

"తొమ్మిదిసార్లూ తిరిగొచ్చాడు కదరా."

"తిరిగి రావడమే గొప్పయితే అసలు వెళ్లడం ఎందుకు? గీత ఇవతలే పడుకుంటే సరిపోయేది! అదే మన చిచ్చుబుడ్డిని చూడు. గీత దాటాడంటే మెరుపే. మూడో అడుగులో కుడివైపుకి ఒక్క తిప్పు తిరుగుతాడు చూడూ, నా కడుపు నిండిపోతుంది."

బోడన్న పక్కనే ఉన్నాడు. ఎండుగడ్డి నములుతుంటే సగం నోట్లోంచి కింద పడిపోతోంది. పడినదాన్ని మళ్లీ ఏరుకుని, "వాడన్నదాంట్లో తప్పేముందమ్మా," అన్నాడు. "నాకు పరుగు లేదు. ఉంచుతావో తీస్తావో నీ ఇష్టం. ఎవరు ఆడినా గెలిస్తే చాలు. ఇంకో ఏడాది ఈ ఎండుగడ్డి నమిలే పళ్లు నాకు లేవు."

చిట్టబ్బులుకి కూడా పాపం అనిపించి మొహం పక్కకి తిప్పుకున్నాడు. కానీ ఆట వేరు, పాపం వేరు అని తనకి తనే సర్దిచెప్పుకుని సాయంత్రం రేవుకి నీళ్లు తాగడానికి వెళ్లాడు.

రేవు అవతల ఇసుక తిన్నె మీద ఒక నక్క కూర్చుని ఉంది. పేరు కనకలింగం. పడమటి గట్టు జట్టుని కూర్చేది ఆ నక్కే. దానికి గడ్డితో పనిలేదు కానీ లంకలో ఎండ్రకాయలూ దోసపాదులూ ఉన్నాయి. రెండేళ్లుగా వాటి రుచి మరిగింది.

"చిట్టబ్బులు గారేనా అండీ?" అంది నక్క.

చిట్టబ్బులు వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల ఎవరూ లేరు. తనని 'గారు' అన్నవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు.

"నేనేనండి. ఏం?"

"ఏం లేదండీ. చెడుగుడు లోతు తెలిసినవారు ఈ రెండు గట్ల మీదా తమరొక్కరేనని విన్నాను. ఒకసారి దర్శనం చేసుకుందామని వచ్చాను. తమరి మాట వాళ్లు వినరటగా?"

"వింటే రెండేళ్లు ఎందుకు ఓడిపోతాం?"

"అదేనండీ నేనూ అనుకునేది! ఇంతకీ తమరైతే ఏడోవాడిగా ఎవర్ని దింపుతారు?"

ఇంకేముంది. చిట్టబ్బులు పొద్దు వాలేదాకా చెప్పాడు. చిచ్చుబుడ్డి పరుగు చెప్పాడు, మూడో అడుగులో కుడివైపు తిప్పు చెప్పాడు, నీళ్లలో నిలబడి తిరిగి కూడా చూపించాడు. నక్క తల ఊపుతూ వింది. ఒక్క మాట కూడా మధ్యలో తుంచలేదు. ఆఖర్న, "అవతలి వైపువాణ్ణయినా చెబుతున్నానండీ, ఆట అందంగా ఉండాలి. ఆ ముసలెద్దు ఉంటే అందమేం ఉంటుంది? తమరు చెప్పిన పొట్టేలే రైటు. గట్టిగా పట్టుబట్టండి," అంది.

మర్నాడూ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. పది రోజులు వరసగా వెళ్లాడు. తన మాట ఎవరైనా వింటుంటే ఎంత బాగుంటుందో ఆ పది రోజుల్లోనే వాడికి తెలిసింది. ఆ సంగతి తల్చుకుంటే నాకు వాడి మీద కోపం రాదు.

పదకొండో రోజు పొద్దున్న సూరమ్మ నెమరు ఆపి వాడి వంక తేరిపారి చూసింది.

"ఏరా చిట్టబ్బులూ, వంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందక్కా. ఏం?"

"పది రోజులుగా ఒకటే మాట అంటున్నావు. బోడన్నని తీసెయ్, చిచ్చుబుడ్డిని దింపు. రెండు రోజులు ఒకే మాట మీద నువ్వు నిలబడగా నేనెప్పుడూ చూళ్లేదు."

"నా ఆలోచన కుదుటపడిందక్కా," అన్నాడు చిట్టబ్బులు గర్వంగా. "నేనే కాదు, పడమటి గట్టు కనకలింగం గారు కూడా అదే అంటున్నారు. ఎంత మర్యాద తెలిసినవాడనుకున్నావు! రోజూ రేవులో నాకోసం కూర్చుంటాడు."

సూరమ్మకి ఒళ్లు మండింది. ఒక్క కుమ్ము కుమ్ముదామనుకుంది. అంతలో ఆగి ఆలోచించింది. మన జట్టులో ఏడోవాడు ఎవరైతే ఆ నక్కకెందుకు? ఆట అందం కోసం పది రోజులు మంచులో కూర్చునే రకమా అది? అప్పుడు కిందటేటి ఆట ఆమెకి కళ్ల ముందు కదిలింది. బోడన్న కూతకి వెళ్లిన తొమ్మిదిసార్లూ అవతలివాళ్లు దూరంగా జరిగిపోయారే తప్ప ఒక్కడూ మీద పడలేదు. బోడన్నకి ఎదురు నిలబడగలిగినవాడు వాళ్లలో ఒకడే, కొండడనే దున్నపోతు; వాడు అడ్డం నిలబడబట్టే బోడన్న ఎవర్నీ ముట్టుకోకుండా తిరిగొచ్చాడు. వాడు ఒంటి బరువుతో ఎవరినైనా నిలబెట్టేయగలడు. అంతకుమించి వాడికి పరుగూ లేదు, ఆటా లేదు. కేవలం బోడన్న కోసమే వాణ్ణి రెండేళ్లుగా మోస్తున్నారు. బోడన్న లేడని ముందే తెలిస్తే వాణ్ణి తీసేసి, పొట్టేలుని తరిమి పట్టుకునే వేటకుక్కని దింపుకోవచ్చు. వాళ్లు ముందు రేవులో దిగాలి గనక, ఆ కబురు వాళ్లకి ముందే కావాలి.

సూరమ్మ మళ్లీ నెమరు మొదలుపెట్టింది.

"సరే చిట్టబ్బులూ. నువ్వు చెప్పింది ఆలోచిస్తాను."

ఇరవై ఏళ్లలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. చిట్టబ్బులుకి కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ సాయంత్రం రేవులోకి పరుగెత్తుకుంటూ వెళ్లి, "తీయించేశానండీ!" అన్నాడు. "బోడన్న లేడు. చిచ్చుబుడ్డే!"

"సూరమ్మగారు ఒప్పుకున్నారా?"

"నేను చెప్పాక కాదంటుందా?"

నక్క లేచి ఒళ్లు విరుచుకుని, "తమరు సామాన్యులు కారండీ," అనేసి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి రేవుకి రాలేదు. చిట్టబ్బులు మూడు సాయంత్రాలు ఒక్కడే నీళ్లు తాగాడు.

నీళ్లు తాగే రోజు వచ్చింది. రెండు గట్ల మీదా జనం నిండిపోయారు, కొంగలు కూడా వేట మానేసి వచ్చాయి. పడమటి గట్టువాళ్లు ముందు దిగారు. ఆరుగురూ పాతవాళ్లే. ఏడోవాడిగా సన్న నడుము వేటకుక్క దిగి గబగబా నాలుగు గుక్కలు తాగింది. దున్నపోతు కొండడు గట్టు మీదే నిలబడి తోకతో ఈగలు తోలుకుంటున్నాడు.

తర్వాత తూర్పు గట్టు. సూరమ్మ దిగింది, మరో ఐదుగురు దిగారు. చిచ్చుబుడ్డి తల ఎగరేసి ముందుకొచ్చాడు.

"నువ్వాగు నాయనా, నీకింకా చాలా ఏళ్లున్నాయి," అంది సూరమ్మ. "బోడన్నా, రా."

బోడన్న మెల్లగా రేవులో దిగి, మూతి పెట్టి, తీరిగ్గా కడుపు నిండా తాగాడు. అవతల కనకలింగం తోక కాళ్ల మధ్యకి పోయింది.

అందరికంటే గట్టిగా అరిచింది మాత్రం చిట్టబ్బులే. "అక్కా! ఇదేం పని? మళ్లీ ఎండుగడ్డే తినిపిస్తావా మాకు?"

మూడో రోజు ఇసుకలో ఆట మొదలైంది. పడమటివాళ్లు చురుగ్గానే ఆడారు. వేటకుక్క ఒక్కటే ముగ్గుర్ని పట్టేసింది. సూరమ్మ కూడా బయటికి రావలసి వచ్చింది. ఎండ తగ్గేసరికి తూర్పు గట్టులో మిగిలింది బోడన్న ఒక్కడే. అవతల ఐదుగురు. ఇప్పుడు కూతకి వెళ్లాల్సింది బోడన్నే. దొరికి కూత ఆగిపోతే ఆట అయిపోయినట్టే.

బోడన్న గీత దాటాడు. "చెడుగుడు... చెడుగుడు..." తిరగలి తిప్పినట్టు నిదానంగా ఉంది కూత.

"ముట్టుకో బాబాయ్! ఎవరో ఒకర్ని ముట్టుకో!" అని చిట్టబ్బులు గోల.

గెలుపు ముందు కనబడేసరికి పడమటివాళ్లకి ఓపిక పోయింది. నక్క వద్దు వద్దని అరుస్తూనే ఉంది. వేటకుక్క వెనక కాలు కరుచుకుంది. వాళ్ల జట్టులోని మేకపోతులు రెండూ నడుముకి అడ్డం పడ్డాయి. మిగిలిన ఇద్దరూ ముందు కాళ్లకి చుట్టుకున్నారు. ఐదుగురూ మీద పడ్డారు. ఆ అయిదుగురిలో కొండడంత బరువున్నవాడు ఒక్కడూ లేడు.

బోడన్న గీత వైపు తిరిగాడు. మెడ కాస్త వంచాడు. కాడి మెడ మీద పడ్డప్పుడు ఎలా వంచేవాడో అలాగే. ఒక అడుగు వేశాడు. ఇసుకలో గిట్టలు దిగబడ్డాయి. ఇంకో అడుగు. కూత తెగలేదు, పెరగలేదు, తరగలేదు. ఐదుగురూ ఇసుకలో చాళ్లు తీస్తూ వేలాడుతూ వస్తున్నారు. చిట్టబ్బులు అరవడం మానేశాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

బోడన్న మూతి గీత దాటింది. ఐదుగురూ ఒక్కసారే అవుట్. అవతల ఆడడానికి ఇంక ఎవరూ లేరు.

తూర్పు గట్టు దద్దరిల్లిపోయింది. ఆ సందట్లో సూరమ్మ చిట్టబ్బుల్ని పక్కకి పిలిచి జరిగిందంతా చెప్పింది. వింటుంటే వాడి చెవులు రెండూ వేలాడిపోయాయి.

"అయితే నేను మన గుట్టంతా వాడికి ఇచ్చేశానా అక్కా?"

"ఇచ్చావు. సగం తప్పు నాది. ఇరవై ఏళ్లు నీ మాట ఇవతల ఎవరం వినలేదు, అందుకే అవతలికి వెళ్లి చెప్పుకున్నావు. రేపట్నుంచి నీ ఏడుగురి పేర్లు నాకే చెప్పు. వింటాను."

"విని దింపుతావా?"

"దింపను. వింటాను."

చిట్టబ్బులు కాసేపు ఆలోచించి, అదీ బాగానే ఉందన్నాడు.

మర్నాడు లంకలో బోడన్న మెత్తని గడ్డిలో మూతి పెట్టి కళ్లు మూసుకుని తింటున్నాడు. నోట్లోంచి ఒక్క పరక కూడా కింద పడ్డంలేదు. పక్కన చిట్టబ్బులు మేస్తూ, "బాబాయ్, వచ్చే ఏడు నువ్వు కూతకి వెళ్లినప్పుడు కాస్త ఎడమ పక్కగా..." అని మొదలుపెట్టాడు.

"ముందు తినరా," అన్నాడు బోడన్న.

అప్పుడే పాయ అవతల నుంచి నక్క కేక వేసింది. ఈసారి 'గారు' లేదు. "ఒరే గాడిదా! నాకు అబద్ధం చెప్పి ముంచేశావు కదరా!"

చిట్టబ్బులు నోట్లో గడ్డి తాపీగా మింగి తల ఎత్తాడు.

"అబద్ధం కాదండీ, నాకు తోచిందే చెప్పాను. ఇరవై ఏళ్లుగా నేను చెప్పిన ఏడుగురు ఒక్క ఏడు కూడా రేవులో దిగలేదు. మా గట్టు మీద కోడిపిల్లని అడిగినా చెప్పేది. తమరు అన్నీ అడిగారు గానీ, అదొక్కటీ అడగలేదు."

ఎదుటి గట్టువాడు మనలో ఎవరిని తీసేయమని పట్టుబడతాడో, ముందు వాణ్ణి నిలబెట్టుకోవాలి.