దొరబాబు అమ్మిన చేప

నీలకంఠం గురువుగారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు రాదు. "చూద్దాం నాయనా" అంటారు. ఆ చూద్దాం ఒక్కోసారి సాయంత్రానికే తేలుతుంది, ఒక్కోసారి ఏడాది పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు, ఈయనకేమీ తెలియదు కాబోలనుకుని ఇంకో గురువును వెతుక్కుంటారు. పాతవాళ్లు మాత్రం ఆయన ఇంటి అరుగు వదలరు. ఆయన జవాబు నోటితో చెప్పరనీ, మన చేతనే చేయిస్తారనీ వాళ్లకు అనుభవం.

రామచంద్రపురంలో కళ్లజోళ్ల కొట్టు పెట్టుకున్న దొరబాబు పాత శిష్యుడే. అయినా ఆ రోజు ఓపిక పట్టలేకపోయాడు. వస్తూనే అరుగుమీద కూలబడి, "గురువుగారూ, ప్రేమించినదాన్ని అమ్ముకుంటే ఆ ప్రేమ చచ్చిపోతుందాండీ?" అన్నాడు.

మజ్జిగ తెస్తున్న గురువుగారి భార్య మాణిక్యాంబగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏం అమ్ముకున్నావు బాబూ?"

"చేపలమ్మా. గోల్డ్ ఫిష్."

"హమ్మయ్య" అని ఆవిడ మజ్జిగ చేతికిచ్చారు.

దొరబాబుకి మాత్రం అది చిన్న సంగతి కాదు. వాళ్ల డాబామీద సిమెంటు తొట్లనిండా ఆ చేపలే. గుర్రపుడెక్క వేళ్లకు అవి గుడ్లు పెడితే, తల్లిదండ్రులే తినేయకుండా ఆ మొక్కల్ని వేరే తొట్లోకి మార్చేవాడు. పిల్లలు ఈదడం మొదలెట్టాక, ఉడికిన గుడ్డు పచ్చసొన గుడ్డలో వేసి పిండి వాటికి పెట్టేవాడు. నల్లగా పుట్టిన పిల్ల నెలల తరబడి నల్లగానే ఉండి, ఒకనాడు పొట్టకింద బంగారం తొంగిచూస్తుంటే, బోర్లించిన బకెట్‌మీద కూర్చుని కాఫీ చల్లారిపోయేదాకా చూసేవాడు. అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేవాడు. ఎవరో అన్నారు, ఇంత కష్టపడి ఊరికే ఇవ్వడమేమిటయ్యా, అమ్ముకోరాదూ అని. సరేనని అమ్మాడు. బాగానే అమ్ముడుపోయాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఇదివరకు ఒక పిల్ల చస్తే అన్నం సయించేది కాదండీ. మొన్న ఒకటి చచ్చి తేలింది. అయ్యో, రేపు అమ్ముడుపోయేదే, అనుకున్నాను. ముందు ఆ మాటే వచ్చిందండీ నా మనసులోకి! భయమేసింది."

"అయితే అమ్మడం మానెయ్ బాబూ" అన్నారు మాణిక్యాంబగారు.

"నేను మానినా అవి గుడ్లు పెట్టడం మానవు కదమ్మా! తొట్లు పట్టవు. అందుకే చేపలే మానేద్దామనుకున్నాను. కాకినాడ షాపతను ఆదివారం వ్యాను తెచ్చి తొట్లతో సహా పట్టుకుపోతానన్నాడు."

"చూద్దాం నాయనా" అన్నారు గురువుగారు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆయాసపడుతూ దొరబాబు డాబా ఎక్కారు. ఒక్కో తొట్లోకీ వంగి చూశారు. ఒక మూల, చెక్కపలక కప్పిన తొట్టి దగ్గర ఆగి, "ఇందులో ఏముంది?" అన్నారు.

"అది... జబ్బు చేపండి."

ఆయన పలక ఎత్తారు. తెల్లటి ఒళ్లు, నెత్తిన ఎర్రటి కుచ్చు, ఒంటికంటే పెద్ద తోక. పలక కదలగానే పైకొచ్చి నోరు తెరిచింది.

"దీనికి జబ్బేమిటయ్యా! నాకంటే దిట్టంగా ఉంది."

దొరబాబు దొరికిపోయాడు. దాని పేరు కుంకుమ. వేలు పెడితే వచ్చి రాసుకుంటుంది. కొనేవాళ్ల కళ్లు పడతాయని ప్రతివాడికీ జబ్బు చేసిందనే చెబుతున్నాడు.

"దీన్ని నాకు అమ్ము" అన్నారు గురువుగారు.

దొరబాబు తొట్టికి అడ్డంగా జరిగాడు. "మీరు అడిగితే... ఊరికే పట్టుకెళ్లండి గురువుగారూ" అన్నాడు ఎలాగో.

"ఊరికే వద్దు. ఊళ్లోవాళ్లకెంతో నాకూ అంతే. రూపాయి తగ్గించావంటే మళ్లీ నా అరుగెక్కకు."

గురువు దగ్గర డబ్బు పుచ్చుకోవడమా! అదీ కుంకుమ కోసం! చెయ్యి చాపుతుంటే దొరబాబు కళ్లలో నీళ్లు తిరిగాయి. నోట్లు లెక్కపెట్టకుండానే జేబులో కుక్కుకుని, చేపను నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఆయన వెంట నడిచాడు.

గురువుగారింట్లో మాణిక్యాంబగారు రాగి గంగాళం తళతళలాడేలా తోమి నీళ్లు నింపి ఉంచారు. "రాగి వద్దమ్మా, చచ్చిపోతుంది!" అని అరిచాడు దొరబాబు. పరుగున ఇంటికెళ్లి, సిమెంటు తొట్టీ, ముందురోజు పట్టి నిలవబెట్టిన నీళ్ల బిందెలూ రిక్షాలో వేసుకొచ్చాడు. ఎండ తగలని చోటు వెతికి పెట్టాడు. ఎంత మేత వెయ్యాలో గురువుగారి చేత వల్లె వేయించాడు. ఆ మర్నాటి నుంచి కొట్టు తెరిచేముందు ఓసారి, మూసేముందు ఓసారి వచ్చి చూసిపోవడం మొదలెట్టాడు.

శనివారం పొద్దున వచ్చేసరికి కుంకుమ పొట్ట పైకి పెట్టి వెల్లకిలా తేలుతోంది. మొప్పలు మాత్రం ఆడుతున్నాయి.

"ఏం వేశారండీ దీనికి?"

"పాపం, కనబడ్డప్పుడల్లా నోరు తెరుస్తుంటే ఆకలేమో అనుకున్నాను" అన్నారు గురువుగారు. "కాస్త ఉప్మా..."

"ఉప్మాయా! బుద్ధుందా మీకసలు? అది రాయిని చూసినా నోరు తెరుస్తుంది! చెప్పాను కదండీ, చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా!"

అరుగుమీదున్న శిష్యులు ముక్కున వేలేసుకున్నారు. దొరబాబుకి తనేమన్నాడో అప్పుడు తెలిసింది. నాలిక కరుచుకుని చెంపలేసుకున్నాడు. గురువుగారు బడిపిల్లాడిలా తల వంచుకుని, "తప్పే నాయనా. ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు.

మేత ఆపేశాడు. నీళ్లు మార్చాడు, సగానికి తగ్గించాడు, చిటికెడు కల్లుప్పు వేశాడు. ఇక చెయ్యడానికేమీ లేదు, కూర్చోవడమే. కొట్టు తెరవలేదు. మాణిక్యాంబగారు బలవంతపెడితే నాలుగు మెతుకులు కతికాడు. చీకటిపడ్డాక ఆవిడ కేకలేస్తే ఇంటికెళ్లి, తెల్లారేసరికి మళ్లీ తొట్టి దగ్గరే ఉన్నాడు.

ఆ రోజు ఆదివారం. పదింటికి భార్య మంగతాయారు ఫోన్ చేసింది. "ఏవండీ, కాకినాడాయన వ్యాను తెచ్చాడు. తొట్లు ఎక్కించమంటారా?"

"నాకిక్కడ ప్రాణం పోతుంటే తొట్లేమిటి? వెళ్లిపొమ్మను."

"మళ్లీ ఎప్పుడు రమ్మనమంటారు?"

"రానక్కర్లేదని చెప్పు!" అని ఫోన్ పెట్టేసి, మళ్లీ తొట్లోకి వంగాడు. ఏం నిర్ణయం చేశాడో అతనికే తెలియదు.

మధ్యాహ్నం భోజనాలవేళ కుంకుమ ఒక పక్కకి ఒరిగింది. తోక ఆడించింది. అడుక్కి జారి, తడబడి, నిటారుగా నిలబడింది. దొరబాబు తొట్టి అంచు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. గురువుగారు వీపు నిమిరారు.

ఏడుపు ఆగాక దొరబాబుకి మరో దిగులు పట్టుకుంది. ఉన్నపళంగా లేచి చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికి నాయనా, భోజనం వేళ?"

"ఇంత తెలిసిన మీరే ఉప్మా వేశారంటే, మిగతా ఇళ్లలో ఏం పెడుతున్నారో ఏమిటోనండీ! రైసుమిల్లు వీధిలో ఒకావిడ జత పట్టుకెళ్లింది. బస్టాండు వెనకాల ఇంకొకాయన. రాగి బిందెలో పోశారో, ఎండలో పెట్టారో! ఓసారి అందరిళ్లకీ వెళ్లి చూసొస్తానండి." అంటూనే మెట్లు దిగి సైకిలు స్టాండు తీశాడు.

వెనకనుంచి గురువుగారి గొంతు వినబడింది.

"బజారు ధర పుచ్చుకున్నావు కదయ్యా. మరి, ప్రేమ ఏం తగ్గింది?"