ఎనిమిది ముక్కల పళ్ళెం

కాలేషాకి నెల రోజులుగా కంటిమీద కునుకు లేదు. బేగం ముఖం నిండా గుంటలు పడుతున్నాయి.

బేగం అంటే చేప. కాకినాడ రేవుకి దగ్గర్లో సూఫీ గురువు గఫూర్ షా సాహెబ్ ఉండే ఖాన్కా ఉంది. వచ్చినవాళ్ళు కూర్చునే ముందుగదిలో ఒక పెద్ద గాజుతొట్టె, అందులో సముద్రపు నీళ్ళు. ఆదినారాయణ అనే సరంగు అండమాన్ నుంచి పడవలో జాగ్రత్తగా తెచ్చి సాహెబ్‌కి కానుకగా ఇచ్చిన చేప అది. ఒళ్ళంతా నీలం, తోక పసుపు. అది ఆడో మగో ఎవరికీ తెలీదు గానీ, తొట్టెలో తిరిగే దర్జా చూసి శిష్యుడు కాలేషాయే ఆ పేరు పెట్టాడు.

రెండేళ్ళపాటు అది అతని చేతిలోంచే తినేది. పాపం ఒంటరిగా ఉంటోందని మొన్న వేసవిలో ఇంకో ఆరు చిన్న చేపల్ని తెచ్చి వేశాడు. నల్లచారల చేపలు, మహా చురుకైనవి. ఆ తర్వాత కొన్నాళ్ళకి బేగం కళ్ళ చుట్టూ సూదితో పొడిచినట్టు చుక్కలు కనిపించాయి. చుక్కలు గుంటలయ్యాయి. నీలిచర్మం పోయి లోపలి తెలుపు బయటపడింది. గుంటలు వరసగా ఒంటి పక్కలకి కూడా పాకాయి.

చేపల డాక్టరు వచ్చి చూశాడు. నీళ్ళు పరీక్ష చేశాడు. "నీళ్ళు బాగానే ఉన్నాయి. ఇది అంటురోగం కాదు. దీనికి సరైన తిండి అందట్లేదు, అందుకే చర్మం ఇలా అయిపోతోంది. తిండి సరిచెయ్యండి" అని వెళ్ళాడు.

ఆ మాట చాలు కాలేషాకి. సాహెబ్ దగ్గరికి రాకముందు పన్నెండేళ్ళు మందుల షాపులో పనిచేసినవాడు. రొయ్యల్ని సన్నగా తరిగి, విటమిన్ చుక్కలు, చేపనూనె, వెల్లుల్లి రసం పట్టించి, అరగంట నానబెట్టి పూటకొకసారి తొట్టెలో వేసేవాడు. వేసి, సీసాలు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు. ఎవరైనా అడిగితే ఏది ఎన్ని చుక్కలో, ఏది ఎందుకో మొదలుపెట్టేవాడు. మోకాళ్ళ నొప్పులకి దువా చేయించుకుందామని వచ్చిన ముసలమ్మలు కూడా చేపనూనె గుణాలన్నీ విని మరీ వెళ్ళారు.

గుంటలు మాత్రం మానలేదు.

ఒకరోజు సరంగు వచ్చాడు. తొట్టె ముందు వంగి చూసి నిర్ఘాంతపోయాడు.

"ఏటయ్యా కాలేషా, దీని మొహం ఇలాగైపోయిందేటి?"

కాలేషా మందుల పేర్లు చెప్పబోయాడు. సరంగు వినలేదు.

"రెండు నెలల్లో మళ్ళీ అండమాన్ ఎళ్తన్నాను. తొట్టి పట్టుకొచ్చి దీన్ని తీసుకుపోతాను. పుట్టినచోటే వదిలేత్తాను."

"ఈ ఒంటితో అంత ప్రయాణం బతకదండీ."

"ఇక్కడ బతుకుతోందా?"

ఆ మాట కాలేషా గుండెల్లో గుచ్చుకుంది. ఆ సాయంత్రం నమాజు అయ్యాక సాహెబ్ ఎదుట కూర్చున్నాడు. ఏడుపు ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు.

"హజ్రత్, దువా చేయండి. నేను చేయాల్సిందంతా చేశాను."

"ఏం చేశావు బేటా?"

కాలేషా చెప్పాడు. ఎన్ని చుక్కలో, ఎంతసేపు నానబెట్టాలో, ఏ పూట ఏదో, అన్నీ వివరంగా. సాహెబ్ ఓపిగ్గా విన్నాడు.

"మంచి మందులే. ఎల్లుండి గురువారం నువ్వు వడ్డించకు. అందరితో కూర్చుని తిను."

అడిగినదానికీ ఈ జవాబుకీ సంబంధమేమిటో కాలేషాకి అర్థం కాలేదు. గురువుగారికి వయసు మీదపడిందేమోనని కూడా అనుకున్నాడు. పైకి మాత్రం సరేనన్నాడు.

ప్రతి గురువారం మధ్యాహ్నం ఆ ఖాన్కాలో భోజనాలు. ఏ మతంవాళ్ళైనా రావచ్చు. నలుగురికి ఒకటే పెద్ద పళ్ళెం, నలుగురూ అందులోనే తినాలి. పళ్ళేనికి ఎనిమిది మాంసం ముక్కలు. వడ్డన ఎప్పుడూ కాలేషాదే. చెయ్యి తిరిగిన వడ్డన, ఒక ముక్క ఎక్కువ పడదు, తక్కువ పడదు. ఒక పళ్ళెం నింపి ఇంకో పళ్ళేనికి వెళ్ళిపోతాడు. అందరిదీ అయ్యాక వంటింట్లో ఒక్కడే కూర్చుని నింపాదిగా తినడం అతనికి అలవాటు.

ఆ గురువారం సాహెబ్ అతన్ని ముగ్గురు కళాసీల పక్కన కూర్చోబెట్టాడు. తెల్లారకముందు నుంచీ రేవులో బస్తాలు మోసి వచ్చినవాళ్ళు. పళ్ళెం వచ్చింది. పొగలు కక్కుతున్న అన్నం, మీద ఎనిమిది ముక్కలు.

కాలేషా బిస్మిల్లా అనుకుని, తన ముందున్న అన్నం కాస్త విడదీసి, వేడి తగ్గాలని ఊదాడు. ఒక ముక్క అందుకుని ఎముక తీస్తున్నాడు. అది జారి పళ్ళెం మధ్యకి పోయింది. చెయ్యి చాపేసరికి అది అక్కడ లేదు. మిగతావీ లేవు.

"ఏటండీ సాయిబుగారూ, మెతుకులు లెక్కెడతన్నారా?" అన్నాడు పక్కనున్న కళాసీ అబ్బులు, నవ్వుతూ. అతని మనసులో ఏ పాపమూ లేదు. ఆకలి మీదున్నాడు, అంతే.

కాలేషాకి మొహమాటం. తన ముందున్న ఉత్త అన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. అంతలో పళ్ళెం ఖాళీ అయింది. ముగ్గురూ సాహెబ్‌కి దణ్ణం పెట్టి పనికి పరుగెత్తారు. కాలేషా ఆకలితో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

గుమ్మం దగ్గర సాహెబ్ నిలబడి ఉన్నాడు.

"మాంసం ఎలా ఉంది?"

"రుచి చూడలేదు హజ్రత్."

"అదేమిటి? మీ పళ్ళెంలో ముక్కలు తక్కువ పడ్డాయా?"

"లేదు. సరిగ్గా ఎనిమిది వేశారు."

"నలుగురికి సరిపోవా?"

"సరిపోతాయి."

సాహెబ్ తువ్వాలు అతని చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

కాలేషా ఆ తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. కడుపు మండుతోంది. గురువుగారి మీద కాస్త కోపం కూడా వచ్చింది. తర్వాత ఏదో గుర్తొచ్చినవాడిలా ముందుగదిలోకి వెళ్ళాడు. నానబెట్టిన రొయ్యల గిన్నె తీసి తొట్టెలో వంచాడు. ఈసారి సీసాల దగ్గరికి వెళ్ళలేదు. పీట వేసుకుని కూర్చున్నాడు.

రొయ్యముక్కలు నీళ్ళలో సగం దిగకముందే ఆరు చారల చేపలూ మీదపడ్డాయి. తొట్టె అడుగున ఉన్న రాతిబొరియలోంచి బేగం తల బయటపెట్టింది. ఒక చారల చేప దూసుకొచ్చి దాని చెంప మీద పొడిచింది. తల లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెడు తిండి, అన్ని చుక్కల మందు, కళ్ళు మూసి తెరిచేంతలో అయిపోయాయి.

నెల రోజులుగా చారల చేపలకి బలం పట్టించాను, అనుకున్నాడు కాలేషా. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

మర్నాడు ఒక పని చేశాడు. చారల చేపలకి తొట్టె ఈ చివర వాటి తిండి వేశాడు. అవి అక్కడ కుమ్ములాడుకుంటుంటే, సముద్రపు నాచు ఆకుకి అవే మందులు పట్టించి, దారంతో చిన్న రాయికి కట్టి, బొరియ నోటి దగ్గర దింపాడు. ఎందుకంటే బేగం జాతికి రొయ్యలకన్నా నాచు ఇష్టం. ఒక్కసారిగా మింగదు, రోజంతా కొరుక్కుంటూ తిరుగుతుంది. ఆ సంగతి కాలేషాకి తెలుసు. మందుల సంబరంలో మర్చిపోయాడు.

మూడు రోజులు అది బయటికి రాలేదు. కాలేషా పీట దిగలేదు. చారల చేప అటు వస్తే గాజు మీద వేలితో కొట్టి తరిమేవాడు. నాలుగో రోజు పొద్దున ఆకు అంచున చిన్న అర్ధచంద్రంలా కొరికిన గుర్తు కనిపించింది. కాలేషాకి ఎంత సంతోషం వేసిందంటే, వంటింట్లోకి పరుగెత్తి వంటమనిషికి చెప్పి, మళ్ళీ పరుగెత్తుకొచ్చి కూర్చున్నాడు.

పదిహేను రోజులకి గుంటల అంచులు మెత్తబడ్డాయి. నెలకి లోతు తగ్గింది. ఏడో వారానికి తెల్లటి చోట్ల నీలం తిరిగొచ్చింది, కాస్త లేతగా. ఒకరోజు బేగం బొరియ వదిలి తొట్టె మధ్యకి వచ్చి, అతని వేళ్ళ మధ్య ఉన్న నాచు లాక్కుంది. కాలేషా అల్లాకి కృతజ్ఞతలు చెప్పుకుని, చెయ్యి నీళ్ళలోంచి తీయడం కూడా మర్చిపోయి అలాగే ఉండిపోయాడు.

చెప్పినట్టే సరంగు ఒక గురువారం తొట్టి పట్టుకుని వచ్చాడు. గాజు దగ్గర వంగి అటునుంచీ ఇటునుంచీ చూశాడు. తర్వాత తను తెచ్చిన ఖాళీ తొట్టిని బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

"అమ్మయ్య!" అన్నాడు. "ఏం మందేశావయ్యా కాలేషా?"

కాలేషా నోరు తెరిచాడు. పక్కనే సాహెబ్ కళ్ళు మూసుకుని తస్బీ పూసలు తిప్పుతున్నాడు.

"మందు అప్పటిదేనండీ," అన్నాడు కాలేషా. "ఇప్పుడు బేగం తింటోంది."

భోజనాలకి పిలుపు వచ్చింది. సరంగు కూడా లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజు జనం ఎక్కువ. సగం పళ్ళేలు నిండాయి, మిగతావాళ్ళు వంటింటివైపు చూస్తున్నారు.

"కాలేషా," సాహెబ్ పిలిచాడు, "ఇవతలి పళ్ళెం ఖాళీగా ఉంది."

కాలేషా గరిటె పట్టుకుని మూలనున్న పళ్ళెం దగ్గరే నిలబడి ఉన్నాడు. అక్కడ ముగ్గురు పడుచువాళ్ళ పక్కన ఎవరో కొత్త ముసలాయన, చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"వస్తున్నా హజ్రత్," అన్నాడు. "ఈ పెద్దాయన ఇంకా ముద్ద ఎత్తలేదు."

సాహెబ్ లేచి, తనే ఇంకో గరిటె అందుకున్నాడు.