ఏడుపులు మింగిన చిలుక

అనగనగా తామ్రపురానికి ఒక రాజు. పేరు మహీధరుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు, ఏడంతస్తుల మేడ, గుర్రపుశాల నిండా గుర్రాలు. ఎన్ని ఉన్నా ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం నిద్ర. నవ్వకండర్రా, రాజైతే మాత్రం నిద్ర అక్కర్లేదూ?

ఒకనాడు గుర్రపుశాలలో ఒక గుర్రానికి డెక్క పుచ్చింది. పాపం అది అరిచింది. దాని అరుపుకి ఎద్దులు రంకె వేశాయి, గాడిదలు ఓండ్రపెట్టాయి. రాజుగారి కునుకు కాస్తా ఎగిరిపోయింది.

వైద్యుడు వచ్చి చూశాడు. "డెక్క కోసి చీము తియ్యాలి ప్రభూ. కట్టు కట్టి, కొన్నాళ్ళు పని చెప్పకుండా ఉంచాలి."

"కట్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గోల ఆపండి!" అన్నాడు రాజు.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు ధూమకేశుడనే మాంత్రికుడు. భుజాన ఒక పచ్చని చిలుకతో వచ్చి, "ఆపుతాను మహారాజా!" అని చిటికె వేశాడు. చిలుక నోరు తెరిచింది. రాజ్యంలో ఉన్న పశువుల అరుపులు, మూలుగులు అన్నీ ఈదురుగాలిలా వచ్చి దాని గొంతులో పడ్డాయి. చిలుకను పట్టుకుని మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి వెళ్ళిపోయాడు.

అరుపు పోయింది. డెక్కలో చీము పోలేదు. ఎవరికి కావాలి?

ఊరు ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. కాడి కింద ఎద్దు మెడ పగిలినా అది మాట్లాడదు కదా, ఇంకో నాలుగు సాళ్ళు దున్నించారు. గాడిద మూలగదు కదా, ఇంకో మూట ఎత్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారర్రా. వినబడలేదు కాబట్టి నొప్పి లేదనుకున్నారు, అంతే. చివరికి ఒకనాడు పట్టపుటేనుగు నడి వీధిలో దబ్బున కూలి చచ్చిపోయింది. తీరా చూస్తే అరికాల్లో జానెడు మేకు, చుట్టూ పురుగులు.

అది చూశాడు రాజుగారి చిన్న కొడుకు హేమాంగదుడు. తల్లి లేని పిల్లవాడు. చుక్కమ్మ అని నుదుట తెల్లచుక్క ఉన్న ఆడగుర్రం మెడ పట్టుకునే పెరిగాడు. రేపు నా చుక్కమ్మకి ఏదైనా అయితే నాకు ఎలా తెలుస్తుంది అని ఒకటే దిగులు.

"అన్నయ్యా, ఆ అరుపులు మళ్ళీ తెద్దాం రండి" అన్నాడు.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు పెద్దవాడు.

"హాయిగా ఉన్న ప్రాణానికి ఈ తద్దినం ఎందుకు తమ్ముడూ?" అన్నాడు రెండోవాడు.

సరే, వీళ్ళతో పని లేదనుకున్నాడు. చుక్కమ్మ మీద జీను బిగించి, ఎక్కి ఒక్కడే బయల్దేరాడు.

పోగా పోగా ఒక కుందేలు ఎదురైంది. పరదేశపు కుందేలు కాబట్టి దానికి నోరుంది. "నొప్పిని నోరే చెప్పాలా నాయనా? నొప్పి ఉన్న ప్రాణి కళ్ళు సగమే తెరుస్తుంది" అంది. గుర్తుపెట్టుకున్నాడు. పోగా పోగా ఒక ముసలి మేక కనబడింది. "నొప్పి ఉన్నది మేత ముందున్నా మూతి తిప్పుకుంటుంది. చెవులు వెనక్కి వాలుస్తుంది. ఒక కాలి మీద బరువు మోపదు" అంది. అదీ గుర్తుపెట్టుకున్నాడు. ఇంకా పోగా సముద్రం ఒడ్డున ఒక కాకి కనబడింది.

"ఎద్దు పుండు కాకికి నొప్పా అని మీరంటారే, ఆ కాకిని నేనే. ఎక్కడ పుండు ఉంటే అక్కడ వాలతాను. అది నా తిండి, ఏం చెయ్యను?" అంది.

"అయితే నువ్వు నాకు పనికొస్తావు, రా!" అన్నాడు రాకుమారుడు.

కాకి ఎగిరొచ్చి చుక్కమ్మ వీపు మీద, జీను వెనకాలే వాలింది. ఎక్కడ వాలిందో మీరు చూశారా? వాడు చూడలేదు. శుభశకునం అనుకున్నాడు మొద్దు.

ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. మూడు దాటారు. చుక్కమ్మ ఈదుతోంది, వాడు మీద కూర్చున్నాడు. దీవిలో ఆగినప్పుడు ఉలవలు పెడితే అది మూతి తిప్పుకుంది. "ఉప్పుగాలికి ఆకలి చచ్చింది పాపం" అన్నాడు. నాలుగు దాటారు, అయిదు దాటారు. చుక్కమ్మ కళ్ళు సగం మూసుకునే నడుస్తోంది. "నిద్ర వస్తోందా తల్లీ? ఇదంతా నీ కోసమేనే. ఇంకొక్క రెండు సముద్రాలు ఓర్చుకో" అని మెడ నిమిరాడు. జీను విప్పితే మళ్ళీ బిగించడానికి ఆలస్యమని విప్పనే లేదు. ఆరు దాటారు, ఏడూ దాటారు.

మాంత్రికుడి కోట నిండా చిలకలే. ఒక్కలాంటి వెయ్యి చిలకలు. వాటికి జామపళ్ళు పెడుతూ సౌగంధిక అనే రాకుమార్తె చెరలో ఉంది.

ధూమకేశుడు పకపకా నవ్వాడు. "నేనేం దొంగిలించలేదు అబ్బాయ్. మీ నాన్న ఇచ్చాడు, నేను తెచ్చుకున్నాను. వీటిలో ఏడుపులు మింగిన చిలుక ఏదో చెప్పు. తప్పావో, రాయివైపోతావు!"

హేమాంగదుడు ఒక్కో పంజరం ముందూ ఆగాడు. "క్షేమమా?" అని అడిగాడు. "క్షేమం! క్షేమం!" అన్నాయి చిలకలన్నీ. ఒక మూల ఉన్న చిలుకా క్షేమమే అంది. కానీ దాని కళ్ళు సగమే తెరుచుకున్నాయి. ముందున్న జామపండు ముట్టలేదు. ఒంటికాలి మీద నిలబడి, ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుపోయింది.

"ఇదే!"

"ఎలా తెలిసిందిరా?" అని అదిరిపడ్డాడు మాంత్రికుడు.

"నోటితో క్షేమం అంది. ఒళ్ళు అనలేదు" అంటూ రాకుమారుడు పంజరం తలుపు తీశాడు. చిలుక నోరు తెరిచింది.

"వద్దురా! ఆ ఏడుపులే నా ఆయుష్షు!" అని మాంత్రికుడు కేక పెట్టాడు. కేక పూర్తి కాకముందే బూడిదై రాలిపోయాడు. సౌగంధిక సంకెళ్ళు ఊడిపోయాయి. అరుపులన్నీ ఆకాశానికి లేచి సముద్రాల మీదుగా తామ్రపురం వైపు సాగిపోయాయి.

ఒక్క అరుపు మాత్రం పోలేదు. పక్కనే, ఒడ్డున వినబడింది.

ఆ గొంతు వాడికి తెలుసు. పరిగెత్తాడు. చుక్కమ్మ ఇసకలో కూలబడి, మెడ చాచి అరుస్తోంది. జీను విప్పి కింద గుడ్డ లాగితే చర్మంతో సహా ఊడొచ్చింది. వీపంతా పుండు, ఏడు సముద్రాల ఉప్పు అందులోనే ఉంది.

"చెప్పలేదేమే పాపిష్టిదానా!" అని కాకి మీద పడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడ కూర్చున్నాను నాయనా?" అంది కాకి.

అయ్యో అయ్యో అని నెత్తి బాదుకున్నాడు. ఏం లాభం? సౌగంధిక మంచినీళ్ళు మోసుకొచ్చింది. వేపాకు కాచిన నీళ్ళతో ఇద్దరూ ఉప్పంతా కడిగారు, తేనె రాశారు, కళ్ళెం తీసేశారు, తడిగుడ్డ పందిరి కట్టారు. "అరువు తల్లీ, ఎంత కావాలంటే అంత అరువు" అని వాడు దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. పొద్దు వాలేసరికి అరుపు మూలుగైంది, మూలుగు ఆగిపోయింది. పోయిందేమో అనుకున్నాడు వాడు. వంగి కళ్ళు చూశాడు, చెవులు చూశాడు. కళ్ళు పూర్తిగా తెరిచి ఉన్నాయి, చెవులు వదులయ్యాయి. సౌగంధిక చేతిలో గడ్డి రెండు పరకలు నమిలింది కూడా. బతుకుతుందనుకుని ఇద్దరూ నవ్వుకున్నారు.

బతకలేదు. పుండు ఎముకదాకా పోయింది. మర్నాడు వాడి ఒళ్ళోనే పోయింది. నొప్పి తగ్గాక పోయింది, అదొక్కటే వాడు చెయ్యగలిగింది.

మాంత్రికుడి ఓడ ఎక్కి ఊరు చేరేసరికి తామ్రపురం అంతా ఒకటే ఆక్రందన. వీధి వీధిలో పశువులు ఏడుస్తున్నాయి. రాజు చెవుల్లో దూది కుక్కుకుని, "ఎందుకు తెచ్చావురా ఈ శోకం!" అని తిట్టాడు.

"శోకం ఎప్పుడూ ఇక్కడే ఉంది నాన్నగారూ" అన్నాడు హేమాంగదుడు. చుక్కమ్మ పోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు. సౌగంధికను వెంటబెట్టుకుని కొట్టం కొట్టం తిరిగాడు. కొన్ని తేరుకున్నాయి. చాలావాటికి ఆలస్యమైపోయింది.

తర్వాత వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. ఊరేగింపులో గుర్రం ఎక్కమంటే ఎక్కలేదు, నడిచే వెళ్ళాడు. తండ్రి తర్వాత జుట్టు నెరిసేదాకా రాజ్యం చేశాడు. ధర్మప్రభువని పేరూ తెచ్చుకున్నాడు. పొద్దున్నే గుర్రపుశాలకి పోయేవాడు. అరిచే గుర్రాన్ని వైద్యుడికి అప్పగించేవాడు. అరవకుండా నిలబడ్డ గుర్రం దగ్గరే చాలాసేపు ఆగి, ఒళ్ళంతా తడిమి తడిమి చూసేవాడు.

కథ కంచికి పోతే పోనీండి, మీరప్పుడే ఇంటికి పోకండి. మన దొడ్లో దూడ ఇందాకట్నుంచి కిక్కురుమనడం లేదు. లేచి వెళ్ళి, దాని మెడ కింద పలుపుతాడు ఎంత బిగుసుకుందో చెయ్యి పెట్టి చూసి రండి.